నాలుగంకెల మెయిళ్ళు

మార్చి 3, సోమవారం

ఇవాళ్టి నుంచి మామయ్య ఫోన్ నా చేతిలో. ఈ ఇంట్లో నాకు ఇంత పెద్ద పదవి రావడం ఇదే మొదలు.

జరిగింది ఇదీ. శనివారం మామయ్యకు కుడికంటి ఆపరేషన్ అయింది. కంటి వెనక పొర ఊడితే అతికించి, మళ్ళీ ఊడకుండా లోపల ఒక గాలిబుడగ పెట్టారట. ఆ బుడగ పొరను నొక్కి పట్టాలంటే మూడు వారాలు తల దించుకునే ఉండాలి. తింటున్నా అంతే, పడుకున్నా అంతే. ఎడమకన్ను ఎలాగూ చిన్నప్పటి నుంచీ మసకే. మా ఆయన లిఫ్టులు బాగుచేస్తారు, కోపం మాత్రం ఏ అంతస్తులోనూ ఆగదు. రాత్రీ పగలూ ఆ ఫోన్‌లోకి చూసి చూసి కన్ను మీదికి తెచ్చుకున్నావు నాన్నా, ఇక దాన్ని ముట్టుకుంటే ఊరుకోను, అని హాస్పిటల్లోనే అరిచారు. మామయ్య ముప్ఫయ్యేళ్ళు గొలుసు పట్టుకుని భూములు కొలిచిన సర్వేయరు. మాటలు కూడా కొలిచే వాడతారు.

సాయంత్రం నన్ను పిలిచి, తల ఎత్తకుండానే, మెయిల్ మాత్రం రోజూ చూస్తూ ఉండమ్మా, చెత్త ఉంటే తీసెయ్, అన్నారు.

చెత్తా! చదవని మెయిళ్ళు ఆరువేల రెండువందల పద్నాలుగు! బట్టతల మీద జుట్టు మొలిపించే నూనె, మోకాళ్ళ బెల్టు, లాటరీ, ఒంటరిగా ఉన్నారా అని అడిగే అమ్మాయిలు. డెబ్భై ఆరేళ్ళ మనిషిని అడగాల్సిన ప్రశ్నేనా అది? నేను డ్రై క్లీనింగ్ షాపులో పదేళ్ళుగా కౌంటర్ చూస్తున్నదాన్ని. మరక కనపడితే నా చెయ్యి ఊరుకోదు.

కనిపెట్టేశాను. మెయిల్ తెరిచి మూలనున్న మూడు చుక్కలు నొక్కితే కింద బ్లాక్ అని వస్తుంది. నొక్కాను. పోయాడు నూనెవాడు! ఇక జన్మలో రాడు. అబ్బ, ఎంత హాయిగా ఉందో!

మార్చి 4

నూట పన్నెండు మందిని లేపేశాను. కూర మాడింది. మాడనీ.

మార్చి 5, సాయంత్రం 6

దొంగ దొరికాడు!

ఇందాక ఒక మెయిల్ వచ్చింది. సబ్జెక్ట్ లేదు, అయ్యా అనలేదు, సంతకం లేదు. ఉన్నదల్లా నాలుగంకెలు. 6775. అంతే! ఓటీపీ కాక ఇంకేమిటి? పంపినవాడి పేరు చూద్దును కదా, గుర్రాల డాక్టర్ అట. గుర్రాలకి డాక్టరు, మనుషులకి యముడు.

సరే, బ్లాక్ కొట్టేద్దాం అనుకుంటూ ఎందుకో పంపిన మెయిళ్ళు కూడా తెరిచాను. మామయ్య ఆ డాక్టర్‌కి నాలుగంకెలు పంపుతున్నారు! ఒకసారి కాదు, రెండుసార్లు కాదు. కిందికి జరుపుతూ పోతే ఏళ్ళ తరబడి అంకెలే. వాడొక నంబరు, ఈయనొక నంబరు. ఎంత అమాయకుడు మామయ్య! నిండా ముంచేశాడన్నమాట.

బ్లాక్ చేశాను. నంబరు మాత్రం ఇక్కడ రాసిపెట్టాను, రేపు పోలీసులకు పనికొస్తుంది.

మామయ్య గదిలోంచి అడిగారు, మెయిల్ ఏమైనా వచ్చిందా అమ్మా అని. ఒక్కటీ రాలేదు, మీరు నిశ్చింతగా పడుకోండి, అన్నాను. చూశావా, కొత్త నంబరు కోసం ఎదురుచూపు! ఎంత మత్తులో పెట్టాడో.

మార్చి 6

షాపులో ఇస్త్రీ బాబాయికి ఒక్కడికే చెప్పాను. ఆయన పేరుకి ఇస్త్రీ చేస్తాడు గానీ లోకంలో ముడతలన్నీ ఆయనకి తెలుసు. పెట్టె పక్కన పెట్టి మరీ విన్నాడు. ఓటీపీ అనేది కట్టుకున్న పెళ్ళానికి కూడా చెప్పకూడదు తల్లీ, మా తమ్ముడు ఒక్కసారి చెప్పి ఇప్పటికీ ఫోన్ మోగితే మంచం కింద దూరుతున్నాడు, అన్నాడు. మీ ఆయనకి ఇప్పుడే చెప్పకు, ముందు దారులన్నీ మూసెయ్, అన్నాడు.

దారులన్నీ మూసేస్తా. ఒట్టు.

మార్చి 8

వేషం మార్చి వచ్చాడు! ఏదో పశువుల క్లినిక్ పేరున్న అడ్రసు నుంచి: 6775? ఈసారి పక్కన ప్రశ్నార్థకం కూడా. తొందరగా ఉన్నట్టుంది పాపం.

వాడికే అంత తెలివుంటే నాకెంత ఉండాలి? గంటసేపు కూర్చుని సెట్టింగ్స్‌లో ఫిల్టర్ పెట్టడం నేర్చుకున్నాను. అక్షరమన్నది లేకుండా ఉత్త అంకెలతో వచ్చే మెయిల్ ఏదైనా నేరుగా చెత్తబుట్టలోకే. ఆనందం పట్టలేక వంటింట్లో ఒక్కదాన్నే రెండు గెంతులు వేశాను.

మామయ్య మళ్ళీ అడిగారు. రాలేదన్నాను. ఆయన వేళ్ళు దుప్పటి మీద ఏదో లెక్క వేస్తున్నట్టు కదిలాయి.

మార్చి 10

ముసుగు తీసేశాడు. మూడో అడ్రసు, ఆడవాళ్ళ పేరుతో. ఈసారి అక్షరాలతోనే రాశాడు కాబట్టి ఫిల్టర్ దాటాడు. ఉన్నదున్నట్టు దించుతున్నాను: 'నీ నంబరు రాలేదు. 17తో గడువు అయిపోతుంది. ఆ తర్వాత నియమం ప్రకారం నువ్వు పోగొట్టుకున్నట్టే. నన్ననుకోవద్దు.'

బెదిరింపు! మా ఇంట్లో మనిషికి, తల ఎత్తలేని మనిషికి!

నేను ఊరుకునే రకమా? మామయ్య మెయిల్ నుంచే జవాబు కొట్టాను: 'ఒరేయ్ గుర్రాల డాక్టర్! పెద్దమనిషిని పట్టుకుని ఇన్నేళ్ళూ ఆడుకున్నావు. నీ ఆటలు ఇక సాగవు. ఇంకోసారి నంబరు అడిగావంటే సైబర్ పోలీసుల చేత నీ కాళ్ళకి నాడాలు కొట్టిస్తా. నీ బోడి గడువు నువ్వే ఉంచుకో.'

పంపాక చదువుకుంటే నాకే ఒళ్ళు పులకరించింది. ఆ అడ్రసును కూడా బ్లాక్ చేశాను.

మార్చి 11

చప్పుడు లేదు. గెలిచాను!

మార్చి 13, మధ్యాహ్నం 2

అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందని ఊరికే అన్నారా? నేనే ఆ బల్లిని. మొదటి నుంచీ రాయాలి.

రెండు రోజులుగా మామయ్య సరిగ్గా తినడంలేదు. పొద్దున మెయిల్ సంగతి నాలుగుసార్లు అడిగారు. మనసు కుదుటపడుతుందని అసలు విషయం చెప్పేశాను. మిమ్మల్ని ఒక మోసగాడు నంబర్లతో పట్టి పీడిస్తున్నాడు మామయ్యా, నేను వాడి దుంప తెంపాను, ఇక మీ జోలికి రాడు, అన్నాను గర్వంగా.

మామయ్య తల ఎత్తేశారు. నేను కెవ్వున అరిచి మళ్ళీ దించాను. ఏ నంబరు వచ్చిందమ్మా, అన్నారు. దిండులోకి మాట్లాడుతున్నారు, ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. ఈ డైరీ తెచ్చి చూసి చెప్పాను. ఆరు ఏడు ఏడు ఐదు. గుర్రం, అన్నారాయన. అనుకున్నాను, గుర్రాన్నే జరుపుతాడని, అని గొణిగారు.

చదరంగం! అది చదరంగం!

పలక మీద గళ్ళు అడ్డంగా ఎనిమిది, నిలువుగా ఎనిమిది. మొదటి రెండంకెలు పావు ఉన్న గడి, తర్వాతి రెండు అది వెళ్ళే గడి. ఉత్తరాల్లో చదరంగం ఆడేవాళ్ళు ఇలాగే రాసుకుంటారట, ఏ భాషవాడికైనా అర్థమయ్యేలా. ఆ డాక్టర్ నిజంగా పశువుల డాక్టరే. ఏదో చదరంగం పత్రికలో అడ్రసు చూసి మొదటి పోస్టుకార్డు రాశారట మామయ్య. ముప్ఫయ్యొక్క ఏళ్ళయింది. ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. గొంతు కూడా వినలేదు. కార్డులు పోయి మెయిళ్ళు వచ్చాయి, అంతే తేడా. కార్డులతోపాటే ఆట కూడా ఆగిందనుకున్నారు మా ఆయన. నేనేమో కిటికీ దగ్గర పలక చూసి, కాలక్షేపానికి పేర్చుకున్నారులే అనుకున్నాను. తుడవబోతే ముట్టుకోవద్దు అనేవారు. కొడుకు అన్ని అరుపులు అరిచాక ఇక ఏమని చెప్తారు?

ఒక్కో ఎత్తుకి పన్నెండు రోజులు గడువు. దాటితే ఆట పోయినట్టే. ఐదున వచ్చింది, పదిహేడుతో సరి. ఆయన మీ స్నేహితుడే కదా, నాలుగు రోజులు ఆగరా, అన్నాను. పాతికేళ్ళ కిందట వరదలకి పోస్టు ఆగి డాక్టర్ గారి కార్డు ఒక్కరోజు ఆలస్యమైతే, మామయ్యే నియమం నియమమేనని రాసి ఆట లాగేసుకున్నారట. ఇప్పుడు ఏ ముఖంతో అడగనమ్మా, అన్నారు. కానీ ఈ ఆట పోకూడదు, అన్నారు. రెండుసార్లు అన్నారు.

అప్పుడు చెప్పాల్సి వచ్చింది, నేనేం రాశానో. నాడాల దగ్గరికి వచ్చేసరికి కళ్ళు మూసుకుని గబగబా చెప్పేశాను. మామయ్య భుజాలు కదిలాయి. నవ్వారో ఏడ్చారో తల దించుకుని ఉంటే ఎలా తెలుస్తుంది? నేను మాత్రం ఏడ్చాను.

మార్చి 14

బ్లాక్‌లన్నీ తీసేశాను. ఫిల్టర్ పీకేశాను. నూనెవాడు కూడా తిరిగొచ్చాడు. రానీ.

బల్ల మీద దిండ్లు పేర్చి మామయ్య నుదురు ఆనించి, కింద పీట మీద పలక పెట్టాను. చూపు ఆనకపోయినా ఫరవాలేదన్నారు. నేను గుర్రాన్ని 67 నుంచి 75కి జరిపాను. ఆయన చేతులు కిందికి వేలాడేసి ఒక్కో పావునూ తడిమి చూశారు. పిల్లల తల నిమిరినట్టు నిమిరారు. ఇది ఏనుగు, ఇది మంత్రి, ఇది నా బంటు, అని నాకు చెబుతూనే ఉన్నారు. పెళ్ళయి పన్నెండేళ్ళలో మామయ్య నాతో మాట్లాడినవన్నీ కలిపితే ఇవాళ్టికి సగం కావు.

ఆరింటికి లిఫ్టాయన బైకు చప్పుడు వినగానే పలక మంచం కిందికి, నేను వంటింట్లోకి. దొంగతనంలో ఇంత మజా ఉందని తెలీదు!

మార్చి 15

7172. రెండు రోజులు ఆలోచించి, రాజును ఒక్క గడి ముందుకు. ఇంతేనా మామయ్యా, అన్నాను. ఇంతే పంపు, అన్నారు.

పంపాను. కింద నా క్షమాపణ కూడా. కోడలిని, తెలివి తక్కువదాన్ని, మామయ్యకి ఏ పాపం తెలీదు, అని.

మార్చి 16, ఆదివారం

జవాబు లేదు. పొద్దున ఉత్త నంబరే నా మెయిల్ నుంచి పంపాను. మధ్యాహ్నం షాపు మెయిల్ నుంచి. ఆ తర్వాత బాబాయి చేత పంపించాను. అందలేదనో అందిందనో ఒక్క ముక్క లేదు.

నాకు తెలిసిపోయింది. మమ్మల్ని బ్లాక్ చేశారు. అంకెల మెయిల్ ఎక్కడి నుంచి వచ్చినా చెత్తబుట్టలోకే పోతోంది. నేనైతే అదే చేసేదాన్ని, అదే చేశాను కూడా!

పాత కార్డులున్న రేకు పెట్టె తీశాను. డాక్టర్ గారి ఇంటి అడ్రసు ఉంది. బస్సులో ఏడు గంటలు. మామయ్యకి ఇంకా చెప్పలేదు. వద్దంటారు.

మార్చి 17, పొద్దున 7, బస్సులో

వెళ్తున్నాను! ఒక కస్టమర్ కోటు పొరుగూరికి డెలివరీ ఇవ్వాలని ఈయనకి చెప్పాను. కోటుకి ఏడు గంటల ప్రయాణమేమిటని అడగలేదు, అమాయకుడు. బాబాయి సెలవు పెట్టి మామయ్య దగ్గర కూర్చున్నాడు, కళ్ళలో చుక్కలు వేస్తాడు. బయల్దేరేటప్పుడు మామయ్యకి చెప్పాను. ఆయన దించిన తల దించినట్టే ఉంచి, నా చెయ్యి దొరకబుచ్చుకుని గట్టిగా పట్టుకున్నారు.

7172. 7172. చేతి మీద పెన్నుతో రాసుకున్నాను. చెమటకి చెరిగిపోతోందని మళ్ళీ దిద్దుతున్నాను. పక్కసీటావిడ అనుమానంగా చూస్తోంది.

అదే రోజు, సాయంత్రం 5, తిరుగు బస్సులో

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడంలేదు!

తలుపు తీసింది ఒకావిడ. నా ఈడే. డాక్టర్ గారి కోడలట. నేను ఆయాసపడుతూ, మీ మామగారికి నాలుగంకెలు చెప్పాలండీ, అన్నాను. అంతే, ముఖం మీద తలుపు వేసేసింది. ఓటీపీ వాళ్ళు ఇళ్ళకి కూడా వస్తున్నారు, పోలీసులని పిలవండి, అని లోపల కేకలు. ఆ మూడో అడ్రసు ఆవిడదేనట! తన మెయిళ్ళు చేరడం లేదనుకుని డాక్టర్ గారు ఆవిడ ఫోన్ తీసుకుని పంపారు. నా నాడాల జవాబు సరాసరి ఆవిడ చేతిలో పడింది. చదివి, తన మామగారిని ఎవడో ముఠావాడు పట్టుకున్నాడని రెండు ఫోన్లలోనూ బ్లాక్ కొట్టేసింది. అంకెలకి ఫిల్టర్ కూడా పెట్టిందట! ఆ మాట వినగానే నాకు ఆవిడ మీద ఎక్కడ లేని ప్రేమ పుట్టింది.

ఇవన్నీ తర్వాత తెలిశాయి. అప్పటికి నేను కిటికీ దగ్గరికి పరిగెత్తి, ఏడు ఒకటి ఏడు రెండు, అని గొంతు చించుకున్నాను. లోపల కుర్చీ జరిగిన చప్పుడైంది. తలుపు తీసింది డాక్టర్ గారే. పొడుగాటి మనిషి, ఎనభై మూడేళ్ళు, చేతులు వణుకుతున్నాయి. నాడాలు కొట్టిస్తానన్నది నువ్వేనా, అన్నారు. కాళ్ళ మీద పడబోయాను. చాల్లే, ముందు లోపలికి రా, ఇంకా తొమ్మిది గంటలుంది గడువు, అన్నారు.

ఆయన గదిలోనూ పలక ఉంది. అచ్చంగా మా పలకే, ఒక్క పావు తేడా లేదు. ఆయన వణికే చేత్తో మామయ్య రాజును ఒక గడి ముందుకు పెట్టారు. చూశారు. నవ్వడం మొదలుపెట్టారు. దగ్గు వచ్చేదాకా నవ్వారు. కోడలు నీళ్ళు తెచ్చింది.

మీ మామ రెండేళ్ళ కిందటే నన్ను గెలవాల్సిందమ్మా, అన్నారు. నాకు ఒళ్ళు మండింది. మా మామయ్యకి ఆడటం రాదంటారా, అన్నాను. రాకపోవడమేమిటి, ముప్ఫయ్యొక్క ఏళ్ళుగా నా ప్రాణం తీస్తున్నాడు, అన్నారు. అప్పుడు చెప్పారు. మూడేళ్ళ కిందట ఆయన చేతులు వణకడం మొదలయ్యాక, ఇక కొత్త ఆట మొదలెట్టలేనని, ఇదే ఆఖరిదని రాశారట. మామయ్య సరేనని జవాబిచ్చారు. అప్పటి నుంచి అదే ఆట. డాక్టర్ గారికి గెలిచే అవకాశం వస్తే ఆయన వదిలేస్తారు, మామయ్య వంతు వస్తే మామయ్య వదిలేస్తారు. ఆ సంగతి ఒకరికొకరు ఒక్క ముక్క రాసుకోలేదు. అంకెలే కదా పంపుకునేది.

నీ ఆటలు ఇక సాగవు అని చదివినప్పుడు మాత్రం నిజంగానే విసిగిపోయాడనుకున్నానమ్మా, అన్నారు. ఆ మాట అన్నప్పుడు ఆయన నవ్వలేదు. వారం రోజులుగా పలక మీద గుడ్డ కప్పి ఉంచారని కోడలు చెప్పింది.

జవాబు అక్కడికక్కడే కాగితం మీద రాసిచ్చారు. 7567. బస్సెక్కాక చూసుకున్నాను. 67 నుంచి 75కి వచ్చిన గుర్రాన్ని మళ్ళీ 75 నుంచి 67కి పంపేశారు. వచ్చిన దారినే వెనక్కి! కండక్టర్ టికెట్ అడుగుతుంటే నేను పకపకా నవ్వుతున్నాను, కళ్ళనిండా నీళ్ళు.

మార్చి 18

ఈయనకి అంతా తెలిసిపోయింది. మామయ్యే చెప్పేశారట, నేను రాకముందే. ఒక పూట అరిచారు. సాయంత్రం వర్క్‌షాప్ నుంచి చెక్కబల్ల ఒకటి తయారుచేసి తెచ్చారు, మధ్యలో ముఖం పట్టేంత కన్నం, కింద పలక పెట్టడానికి అర. మామయ్య గదిలో బిగించి వెళ్ళిపోయారు. మామయ్య ఆ మరలన్నీ తడిమి చూశారు.

మార్చి 22

మామయ్య తల ఎత్తవచ్చన్నారు కంటి డాక్టర్. పొర అతుక్కుంది! ఇంకా మసకే గానీ, నా చీర ఏ రంగో చెప్పారు. తప్పు చెప్పారు. అయినా సరే!

ఆ ఇంటి కోడలు, నేను రోజూ మాట్లాడుకుంటున్నాం. ఏ మెయిల్ బ్లాక్ చేయాలన్నా ముందు ఒకరినొకరం అడగాలని ఒప్పందం. మామయ్య నాకు ఆట నేర్పుతున్నారు. షాపులో టోకెన్లు పావుల్లా పేర్చి బాబాయిని మూడుసార్లు ఓడించాను!

మార్చి 28

రేపటితో గడువు. పొద్దున మామయ్య కిటికీ దగ్గర కూర్చుని పలక చూస్తున్నారు. నేనూ చూశాను. మంత్రిని ఒక్క గడి పక్కకి జరిపితే చాలు, ఆట కట్టు. నాకే కనపడింది, ఆయనకి కనపడదా? నా వైపు చూశారు. నేను ఫోన్ తీశాను.

7271. రాజు మళ్ళీ వెనక్కి. పంపేశాను.